మచ్చు బస్తా

ఆ ఏడు పసుపు సీజను మొదలయ్యేనాటికి మాజేటి పాండురంగం చేతిలో ఉన్నవి ఇవీ: దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు వెనక వీధిలో రేకుల గోడౌను ఒకటి, అందులో కొమ్ములు ఏరే ఆడవాళ్లు ఎనిమిది మంది, నలభై ఏళ్లుగా తూకంలోనూ మాటలోనూ తేడా రాలేదన్న పేరు, కొమ్ము విరిచినప్పుడు వచ్చే చప్పుడు విని లోపలి తడి ఎంతో చెప్పగల చెవి, భుజం మీద ఒక తుండుగుడ్డ. లేనిదల్లా ఒక్కటే, కొనేవాడు.

కొనేవాళ్లు ఎక్కడికీ పోలేదు. యార్డుకు రావడం మానేశారంతే. వాళ్లంతా 'చిరునామా'లో ఉన్నారు. డాక్టర్లూ, ఇంజనీర్లూ, వంటవాళ్లూ, వ్యాపారులూ తమ పేరూ అనుభవమూ రాసిపెట్టుకుంటే, పని ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చే ఆన్‌లైన్ చోటు అది. పాండురంగం పేజీ కూడా అందులో ఉంది. కూతురు యామిని రెండేళ్ల కిందట పెట్టింది. 'నాణ్యమైన పసుపు, నమ్మకమైన సరఫరా' అని ఉంటుంది అందులో. అవే రెండు ముక్కలు ఇంకో నాలుగొందల మంది పసుపు వ్యాపారుల పేజీల్లోనూ ఉన్నాయి. అందరూ ఒకే గోతాంలోంచి గుమ్మరించుకున్నట్టు.

"నీ పేజీ చూశా షావుకారూ," అన్నాడు మస్తాన్ వలి ఒక ఉదయం గోడౌను గుమ్మంలోకి వచ్చి. మస్తాన్ వలి ఒకప్పుడు యార్డులో పేరుమోసిన దళారి. పాండురంగానికి ముప్పై ఏళ్ల స్నేహితుడు. "ఆధార్ కార్డులో నీ ఫొటో ఎట్టా ఉంటదో అట్టా ఉంది."

"ఏం, అబద్ధం రాశానా?"

"అబద్ధం రాసినా బాగుండేది. ఎవడో ఒకడు ఆగి చదివేవాడు."

గుమ్మం పక్కన మచ్చు బస్తా మూతి విప్పి ఉంది. మస్తాన్ అలవాటుగా చెయ్యి పెట్టి ఓ గుప్పెడు తీశాడు, ఒక కొమ్ము విరిచి వాసన చూశాడు, మిగతావి జేబులో వేసుకున్నాడు. మచ్చు తీసిన గుప్పెడు మళ్లీ బస్తాలో పొయ్యరు. అది యార్డు పద్ధతి. అందుకే ప్రతి వ్యాపారీ పొద్దున్నే ఒక బస్తాను మచ్చుకని పక్కన పెట్టేస్తాడు. వచ్చినవాడల్లా ఆ బస్తాలోంచే తీసి చూస్తాడు. సాయంత్రానికి దాని మూతి కుంగిపోతుంది. ఆ బస్తా పోయిందనే లెక్క. పాండురంగం తండ్రి ఇంకో మాట కూడా చెప్పేవాడు: మచ్చు సరుకులాగే ఉండాలి, పైన మంచివి పేర్చి కింద నాసివి పోస్తే వచ్చే ఏడు మన గుమ్మం ఎవరూ తొక్కరు.

మస్తాన్ జేబులోంచి అరచేతి పలక తీశాడు. నల్లటి రాతిబిళ్లలా ఉంది, చెయ్యంత. "కొనేవాళ్లందరి దగ్గరా ఇప్పుడు ఇవే. ఇదిగో, నా పేజీ. చెయ్యి పెట్టు."

పాండురంగం పసుపంటిన అరచెయ్యి దాని మీద ఆనించాడు. మొదట గోరువెచ్చగా అనిపించింది. ఆ వెంటనే అతని మొహానికి ఎదురుగాలి కొట్టింది. చేతుల్లో స్కూటరు హ్యాండిలు అదురుతోంది, వెనక ఎవరో "బ్రేకు, బ్రేకు!" అని అరుస్తున్నారు, అయినా నవ్వాగడం లేదు. నాలుగు క్షణాలు. పలక చల్లబడింది. పాండురంగం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఎందుకో తెలీకుండా.

"ఎవర్రా అది?"

"నేనే. పదిహేడేళ్లప్పుడు మా బావ స్కూటరు మొదటిసారి ఎక్కిన రోజు. 'స్పర్శ' అంటారంట దీన్ని. మీ యామిని పనిచేసే 'చిరునామా' ల్యాబే కదా, మంగళగిరిలో కనిపెట్టింది. నీకు చెప్పలా?"

"చెప్పింది. నేనే వినలా."

"వారంలో ముగ్గురు ఫోన్ చేశారు నాకు. 'మీ పేజీ చూస్తే మీతో మాట్లాడాలనిపించింది' అంటారు. బేరాలు మొదలైనయ్యి షావుకారూ! అరవై అయిదేళ్ల ముసలోడికి స్కూటరు నడపడం రాకపోయినా బేరాలు."

పాండురంగం మనసులో తూకం వేసుకున్నాడు. ఒక పక్క నలభై ఏళ్ల పేరు, ఇంకో పక్క నాలుగు క్షణాల స్కూటరు. కాటా స్కూటరు వైపే వాలింది.

*

మంగళగిరి ల్యాబులో యామిని అతని తలకు మెత్తటి టోపీ పెట్టింది. టోపీనిండా సన్నటి తీగలు. భార్య సుబ్బరత్నం కూడా వచ్చింది. కూతురికి పులిహోర, దోసావకాయ తెచ్చానంటూ వచ్చింది గానీ, మొగుడి తలలో ఏముందో చూడాలన్నది అసలు సంగతి.

"ఏదైనా ఒక సంఘటన గుర్తు తెచ్చుకో నాన్నా, బాగా లోపలికి వెళ్లి," అంది యామిని. "గుర్తు తెచ్చుకున్నప్పుడు జ్ఞాపకం మెత్తబడుతుంది, బెల్లప్పాకంలా. కాసేపటికి మళ్లీ గట్టిపడుతుంది. ఆ మధ్యలో మేం అచ్చు తీసుకుంటాం."

"అచ్చు తీస్తే నా దగ్గర తగ్గుద్దా?"

"తగ్గదు నాన్నా. నకలు మాత్రమే."

తర్వాత చాలాసార్లు ఆ మాట యామినికి గుర్తొచ్చింది. ఆ రోజున ఆమె నిజమనుకునే చెప్పింది. ల్యాబులో అందరూ అదే అనుకునేవాళ్లు.

తెర మీద ఒక అంకె వస్తుంది. జ్ఞాపకంలో ఎంత వేడి ఉందో చెప్పే అంకె, నూటికి. పాండురంగం మొదట యార్డులో తనకు శాలువా కప్పిన సభ గుర్తు తెచ్చుకున్నాడు. ముప్పై ఒకటి. తర్వాత కళ్లు మూసుకుని పెళ్లి గుర్తు తెచ్చుకున్నాడు. నలభై.

"నలభయ్యేనా?" అంది సుబ్బరత్నం. "పోన్లెండి, పాసు మార్కులన్నా వచ్చాయి."

"ఆ రోజు జ్వరంగా ఉందే నాకు."

"అప్పుడూ అదే చెప్పారు."

యామిని నవ్వాపుకుని, "చిన్నదైనా సరిపోతుంది నాన్నా," అంది. "మొదటి కోత రోజు పసుపు వాసనో, మస్తాన్ మావయ్యలా సరదాగా ఏదో ఒకటి. చూసేవాళ్లకు నువ్వు మనిషివని తెలిస్తే చాలు."

అక్కడే అతని తండ్రి మాట అడ్డొచ్చింది. మచ్చు సరుకులాగే ఉండాలి. నన్ను నమ్మండి అని అడుగుతూ పనికిమాలిన ముక్క చూపిస్తే, అది పైన పేర్చిన కొమ్ములాంటిదే. నేనెవరినో తెలియాలంటే దేన్ని చూపించాలి? అలా ఆలోచిస్తుండగానే, పిలవకుండానే అది వచ్చేసింది.

గుంటూరు ఆసుపత్రి. బయట శ్రావణమాసపు వాన. ఏడో నెలలోనే పుట్టిన పిల్ల, కేజీకి కాస్త పైన, గాజుపెట్టెలో. మీద తెల్లగుడ్డ. నర్సు "చెయ్యి పెట్టండి నాన్నగారూ" అంటే, పెట్టెకున్న కంతలోంచి పసుపు గోళ్ల చెయ్యి గుడ్డ కిందికి పోనిచ్చాడు. ఆ రోజుల్లో యార్డులో పాతకాలం దళారులు ఇంకా తుండుగుడ్డ కిందే బేరం చేసేవాళ్లు. పైకి మాట ఉండదు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. వద్దనుకుంటే చెయ్యి వదిలేస్తారు. ఒక వేలు పట్టుకుని రెండుసార్లు నొక్కితే బేరం ఖాయం. గుడ్డ కింద ఆ పిల్ల అతని చూపుడువేలు పట్టుకుంది. నొక్కింది. వదిలింది. మళ్లీ నొక్కింది. "ఖాయం!" అని పాండురంగం పైకే అరిచాడు. వార్డంతా ఉలిక్కిపడింది.

కళ్లు తెరిచేసరికి అతని చెంపలు తడిగా ఉన్నాయి. తెర మీద తొంభై ఆరు. యామిని నోరు తెరుచుకుని చూస్తోంది. ఇంతవరకూ ఎవరికీ తొంభై దాటలేదు.

ఆ కథ ఇంట్లో అందరికీ తెలుసు. ప్రతి పుట్టినరోజునా పాండురంగం తుండుగుడ్డ చాచడం, యామిని కింద చెయ్యి పెట్టి అతని వేలు రెండుసార్లు నొక్కడం, అతను గొంతు పూడిపోతూ "ఖాయం" అనడం, ముప్పై ఏళ్లుగా తప్పలేదు.

"అది వద్దండీ," అంది సుబ్బరత్నం. "అది మనింటిది."

"ఇంట్లోనే ఉంటుంది రత్నం. ఇది నకలు. అచ్చు తీసినందుకు పాకం తరిగిపోదని మీ అమ్మాయే చెప్పింది."

సుబ్బరత్నం కూతురి వంక చూసింది. కూతురు తెర వంక చూస్తోంది. తొంభై ఆరు అనేది ఆ ల్యాబులో చిన్న అంకె కాదు.

*

పదో రోజున కొచ్చి నుంచి ఫోను వచ్చింది. సుగంధ ద్రవ్యాలు ఎగుమతి చేసే కంపెనీలో కొనుగోళ్లు చూసే థెరిసా అనే ఆవిడ. పసుపు గురించి ఒక్క ముక్క అడక్కముందే, తనకొచ్చిన తెలుగులో, "ఆ పాప బతికిందా?" అంది.

"బతకడమా! నా మీద అజమాయిషీ చేస్తోందమ్మా."

అవతల ముక్కు చీదిన చప్పుడు. తర్వాత ఆర్డరు.

అక్కడ్నుంచి ఇక ఆగలేదు. దుబాయి, హాంబర్గు, ఢాకా. ఎవరు మాట్లాడినా ముందు పాప సంగతే. ఏరే ఆడవాళ్లు ఎనిమిది మంది పదిహేనయ్యారు, పదిహేను ముప్పై అయ్యారు. రేకుల గోడౌనుకు పక్కన ఇంకో గోడౌను కలిసింది. మస్తాన్ వచ్చి, "నా స్కూటరు మీద నీ ఉయ్యాల గెలిచింది షావుకారూ," అని ఒప్పుకున్నాడు.

ఒకటే తంటా. తీసిన అచ్చు అయిదొందల చేతులకే సరిపోతుంది. ఆ తర్వాత వెలిసిపోతుంది. అందుకని ఇంకాస్త మిగిలుండగానే కొత్తది తీయించుకోవాలి. లేకపోతే పేజీ అట్టడుక్కి పోతుంది. పాండురంగం నెలకోసారి మంగళగిరి వెళ్లి టోపీ పెట్టించుకునేవాడు. అప్పటికి యామినిని వేరే పరిశోధనలోకి మార్చారు. అచ్చు తీసే గదిలో కొత్త కుర్రాళ్లున్నారు. కూర్చోవడం, కళ్లు మూసుకోవడం, ఆసుపత్రి, గుడ్డ, వేలు, లేవడం. క్షవరం చేయించుకున్నంత సేపు పట్టేది. మూడోసారి నుంచి చెంపలు తడవడం లేదని అతను గమనించాడు. అలవాటైపోయిందనుకున్నాడు. యార్డులో మొదటి ఏడు పసుపు ఘాటుకు కళ్లు మండుతాయి, తర్వాత మండవు. ఇదీ అంతే అని సరిపెట్టుకున్నాడు.

శ్రావణమాసంలో యామిని పుట్టినరోజు వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సుబ్బరత్నం పరవాన్నం గిన్నె పట్టుకుని, "ఏవండీ, తుండుగుడ్డ," అని గుర్తు చేసింది. ఇన్నేళ్లలో ఆమె గుర్తు చేయాల్సిరావడం అదే మొదలు.

"ఆఁ, అవును కదా." అతను గుడ్డ చాచాడు. యామిని కింద చెయ్యి పెట్టి వేలు పట్టుకుంది. నొక్కింది, వదిలింది, నొక్కింది.

"ఖాయం," అన్నాడు పాండురంగం. ఢాకా లోడు గురించి ఫోన్లో ఏదో మెసేజీ వచ్చింది. రెండో చేత్తో ఫోను తీస్తూ, "ఇవాళ లారీ కదలాలమ్మా," అన్నాడు.

మాటలో తప్పేమీ లేదు. యార్డులో రోజుకు పదిసార్లు అనే 'ఖాయం' అది. యామిని చెయ్యి ఇంకా గుడ్డ కిందే ఉంది. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరవాన్నం ఎవరూ ముట్టలేదు.

*

మర్నాడు పొద్దున్నే యామిని ల్యాబులో తండ్రి అచ్చులన్నీ బయటికి తీసింది. పేజీలోకి ఎక్కించేముందు ప్రతి అచ్చునూ యంత్రమే మెరుగుపెడుతుంది, మసకగా ఉన్న ఫొటోను కాంతివంతం చేసినట్టు. అసలు అంకె తెర మీదికి వచ్చేది మొదటిసారి ఎంచుకునేటప్పుడే. ఆ తర్వాత కనిపించేది మెరుగుపెట్టిన అంకె, అతనిది ఎప్పుడూ తొంభై పైనే. మెరుగు పెట్టకముందు అంకెల జోలికి ఎవరూ పోరు, పోవాల్సిన అవసరం రాలేదు. ఆమె వాటిని తెరిచింది.

తొంభై ఆరు. ఎనభై ఎనిమిది. డెబ్భై ఒకటి. నలభై తొమ్మిది. ఇరవై ఆరు. ఆఖరి అచ్చు తీశాక మిగిలింది తొమ్మిది.

ఆమె ఇంకో యాభై మందివి తీసి చూసింది. మళ్లీ మళ్లీ తీయించుకున్న ప్రతివాళ్లదీ అదే వరస. మస్తాన్ మావయ్య స్కూటరు కూడా ముప్పై నుంచి నాలుగుకు దిగింది. కానీ స్కూటరు సరదా తగ్గిందని ఫిర్యాదు చేసేదెవరు? చిన్నవి ఇచ్చినవాళ్లకు పోయినట్టు తెలీలేదు. పెద్దది ఇచ్చినవాడు ఒక్కడే, తన తండ్రి.

మధ్యాహ్నానికి ఆమె దుగ్గిరాలలో ఉంది. గోడౌనులో ఆడవాళ్లు భోజనాలకు లేచారు. పాండురంగం మచ్చు బస్తా పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. యామిని నిలబడే అంతా చెప్పింది. ప్రతి అచ్చుకూ కాస్త పాకం అంటుకుని వచ్చేస్తోంది నాన్నా. సంఘటన నీ దగ్గరే ఉంటుంది, వేడి మాత్రం అచ్చుతో పోతుంది. తగ్గదని నేనే చెప్పాను. నేనే.

పాండురంగం బస్తాలోంచి ఒక కొమ్ము తీశాడు, విరవలేదు.

"తిడతావనుకున్నా," అంది యామిని.

"బాధ ఉంటే కదమ్మా తిట్టేది." అతను కొమ్మును వేళ్ల మధ్య తిప్పాడు. "నువ్వు చెబుతున్నప్పట్నుంచీ లోపల వెతుకుతున్నా. వాన కనబడుతోంది, గాజుపెట్టె కనబడుతోంది, నర్సు మొహం మీద పుట్టుమచ్చ కూడా కనబడుతోంది. అంతా ఉంది. ఎవరిదో పెళ్లి వీడియో చూస్తున్నట్టుంది. పోయిందని తెలుస్తోంది గానీ బాధగా లేదు. బాధపడాల్సిన ముక్కే పోయినట్టుంది. అదీ నా భయం."

యామిని ఏడ్చింది. అతను లేచి ఆమె తల నిమిరాడు. నిమరాలని తెలిసి నిమిరాడు. ఆ తేడా ఇద్దరికీ తెలిసింది.

"ఎక్కడ పొరపాటు చేశానో తెలుసా?" అన్నాడు. "మచ్చు సరుకులా ఉండాలని మా నాన్న చెప్పింది పట్టుకున్నా. మచ్చు బస్తా పోయిందనే లెక్క అని కూడా ఆయనే చెప్పాడు. ఆ రెండోది మర్చిపోయా. ఇల్లు నిలిపిన బస్తాని తీసుకెళ్లి గుమ్మంలో పెట్టా."

*

వారంలో కొత్త అచ్చు తీయించుకోవాలి. లేదంటే పేజీ కిందికి పోతుంది, ఆర్డర్లు పోతాయి, ముప్పై మందిలో సగం మంది ఇళ్లకు పోతారు. కంపెనీవాళ్లు యామిని నివేదిక తీసుకుని, పరిశీలిస్తామన్నారు. పరిశీలన అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దనీ అన్నారు. ఆమె అప్పటికే యాభై మందికీ చెప్పేసింది. మర్నాటి నుంచి ఆమె కార్డుకు ల్యాబు తలుపు తెరుచుకోలేదు.

పాండురంగం లెక్క వేశాడు. తొమ్మిది. వందలో తొమ్మిది. ఇంకొక్క అచ్చుకు వస్తుంది. యంత్రం మెరుగుపెట్టి తొంభై చేస్తుంది, కొనేవాడికి తేడా తెలీదు. ఇంకో నెల నడిచిపోతుంది. తనకు ఎలాగూ బాధ లేదు. లెక్క ప్రకారం అమ్మేయడమే లాభం.

రైతులు పసుపు మొత్తం అమ్ముకున్నాక కూడా కొన్ని దుంపలు నీడలో, మట్టి కిందో ఆకుల కిందో దాచి ఉంచుతారు. వాటికి ఎంత ధర చెప్పినా ఇవ్వరు. వచ్చే ఏటి విత్తనం అది. పాండురంగం కుర్రతనంలో ఒకసారి ఒక రైతును ఆ దుంపలు అడిగితే, ఆ ముసలాయన బేరం కూడా ఆడలేదు, నవ్వేసి లోపలికెళ్లిపోయాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది.

అతను థెరిసాకు ఫోన్ చేశాడు. "అమ్మా, ఇక నుంచి నా పేజీలో పాప ఉండదు. పసుపు ఉంటుంది. కావాలంటే వచ్చి కొమ్ము విరిచి చూసుకోండి," అన్నాడు. పేజీలోంచి స్పర్శ తీసేయించాడు. మూడోరోజుకల్లా పేజీ నాలుగొందల మందిలో కలిసిపోయింది.

ఆ ఆదివారం యామిని ఒక చిన్న డబ్బా తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. లోపల అరచేతి పలక.

"ఇదేంటే?" అంది సుబ్బరత్నం.

"నాన్న మొదటి అచ్చు. తొంభై ఆరుది. పూర్తిగా వెలిసిపోకముందే మార్చేశారు కదా. తలుపు మూసుకోకముందే తెచ్చేశాను. ఇంకా మూడు చేతులకు సరిపోతుంది."

పాండురంగం వెంటనే చెయ్యి పెట్టాడు. పలక వెచ్చబడింది. చల్లబడింది. అంతే.

"రాదు నాన్నా," అంది యామిని మెల్లగా. "మనకి మనం చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వు రాదు చూడు, అలాగ. సొంతదైతే మెదడు ఒప్పుకోదు. చెప్పేలోపే పెట్టేశావ్."

"అయితే ఒకటి పోయింది," అన్నాడు పాండురంగం. "రత్నం, నువ్వు పెట్టు."

"నాకెందుకు?" సుబ్బరత్నం మజ్జిగ కలుపుతూ తలెత్తలేదు. "ఆ రోజు పక్క వార్డులో కుట్లతో పడుకుని మీ అరుపు విన్నాను. పిల్ల పోయిందేమో అనుకుని లేచి గోడ పట్టుకుని వచ్చాను. చూస్తే పిచ్చివాళ్లలా నవ్వుతున్నారు. నాది నా దగ్గరే ఉంది. ఏ టోపీకీ ఇవ్వలేదు."

ఇక మిగిలింది యామిని. దాన్ని తయారుచేసిన వాళ్లలో ఒకత్తె, అందులో ఉన్నదీ తనే, వేలమంది చూశారు గానీ తను ఒక్కసారీ చూసుకోలేదు. తండ్రి లోపలికి తొంగిచూడటం మర్యాద కాదనిపించి ఇన్నాళ్లూ ఊరుకుంది. ఇప్పుడు చెయ్యి పెట్టింది.

నాలుగు క్షణాలు. ఆమె మొహం ముడుచుకుపోయింది, తర్వాత విప్పారింది, తర్వాత రెండూ ఒకేసారి. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎట్టా ఉంది సరుకు?" అన్నాడు పాండురంగం. నవ్వించాలనే అన్నాడు.

"ముందు భయం ఉంది నాన్నా. నువ్వు లోపలికి రాకముందే లెక్క వేసేసుకున్నావు. పిల్ల దక్కదని. చూడకూడదని, పేరు పెట్టకూడదని, ముట్టుకోకుండా ఉంటే పోయినప్పుడు తక్కువ పోతుందని. నర్సు పిలిచింది కాబట్టి మొహమాటానికి చెయ్యి పెట్టావు. వెంటనే తీసేద్దామనే పెట్టావు."

సుబ్బరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. ముప్పై ఏళ్లలో ఆమెకు ఆ సంగతి తెలీదు.

"అప్పుడు నేను పట్టుకున్నాను," అంది యామిని. "నీ లెక్కంతా ఒక్కసారి తప్పైంది. తప్పైనందుకు నీకెంత సంతోషమో! అంత సిగ్గు, అంత సంతోషం ఒకేసారి... తొంభై ఆరు అందుకే వచ్చింది. వాళ్లంతా నిన్ను నమ్మింది కూడా అందుకేనేమో."

పాండురంగం పలకను దగ్గరికి లాక్కున్నాడు. "అదీ వచ్చిందా అందులో?" అన్నాడు. "మచ్చుతోబాటు మట్టిగడ్డ కూడా పోయిందన్నమాట. హాంబర్గు దాకా."

"చెప్పలేదేం ఇన్నాళ్లూ?" అంది సుబ్బరత్నం.

"ఏం చెప్పమంటావు? పిల్లని ముందే నష్టం కింద రాసేసుకున్నానని చెప్పనా?" ఆ మాట అన్నాక అతను ఆగాడు. ఛాతీ దగ్గర ఏదో చిన్నగా కదిలినట్టయింది. వెచ్చదనం కాదు, గుచ్చుకున్నట్టు. అన్నీ పోయాక అడుగున మిగిలిన ఆ తొమ్మిదీ ఇదేనేమో అనుకున్నాడు. మంచి కొమ్ములన్నీ జనం ఏరుకుపోగా ఎవరికీ పనికిరాక మిగిలిన సిగ్గు. కానీ అది తనది. ఎవరో చెబితే తెలిసింది కాదు, లోపల్నుంచి వచ్చింది.

యామిని లేచి వచ్చి తండ్రి భుజం మీది తుండుగుడ్డ తీసింది. తన చేతి మీద కప్పుకుని చాచింది.

"ఇవాళ పుట్టినరోజు కాదు కదమ్మా."

"ఆ రోజు నువ్వు చెయ్యి పెట్టావు, నేను ఒప్పుకున్నాను. ఈసారి చెయ్యి నాది. ఒప్పుకునేది నువ్వు. వద్దనుకుంటే వదిలెయ్యొచ్చు, తప్పేం లేదు. యార్డు పద్ధతే."

పాండురంగం గుడ్డ కింద చెయ్యి పెట్టాడు. అవతలి చెయ్యి ముప్పై ఏళ్ల మనిషిది, గట్టిగా ఉంది, అరచేతిలో చెమట ఉంది. చూపుడువేలు దొరికింది. పట్టుకున్నాడు. ఏమీ అనిపించలేదు. ఒకసారి నొక్కాడు. వదిలి, ఆగాడు. గుడ్డ కింద ఆ వేలు కదలకుండా ఎదురుచూస్తోంది. ముప్పై ఏళ్ల కిందట ఇలాగే ఎదురుచూసిన చెయ్యి తనది. దాన్ని వెనక్కి తీసేద్దామనుకున్నదీ తనే. ఈసారి ముందుగా ఏ లెక్కా వేసుకోలేదు. మళ్లీ నొక్కాడు.

"ఖాయం!" అంది యామిని, పక్కింటివాళ్లకు వినపడేటట్టు.

"ఏంటే ఆ అరుపు," అంటూ సుబ్బరత్నం కళ్లు తుడుచుకుంది. "అచ్చం వాళ్ల నాన్నే."

*

ఆ సీజను అయిపోయేసరికి తేలింది ఇదీ. రెండో గోడౌను తిరిగి ఇచ్చేశారు. ఏరే ఆడవాళ్లు ముప్పై మందిలో పన్నెండు మంది మిగిలారు. మొదట ఉన్నవాళ్లకన్నా నలుగురు ఎక్కువే. థెరిసా ఒక రోజు కొచ్చి నుంచి స్వయంగా దిగి, మచ్చు బస్తాలో చెయ్యి పెట్టి కొమ్ము విరిచి విని, ఆర్డరు ఉంచేసుకుంది. వెళ్తూ వెళ్తూ యామినిని ఒకసారి చూపించమని అడిగి, చూసి, ఆమె చెయ్యి ఒక క్షణం పట్టుకుని వదిలి వెళ్లింది. యామిని ఉద్యోగం పోయింది, గుంటూరులో ఇంకోటి దొరికింది. ఆమె చెప్పిన యాభై మందీ ఊరుకోకపోవడంతో, ఒకరి దగ్గర ఒకే అచ్చు తీయాలని 'చిరునామా' నిబంధన పెట్టింది. మస్తాన్ మాత్రం, "నాలుగు మిగిలింది చాల్లే, స్కూటరు కూడా అమ్మేశా," అంటాడు.

పాండురంగం పేజీలో ఇప్పుడు పేరు, ఊరు, ఫోను నంబరు, 'వచ్చి చూసుకోండి' అన్న మాట ఉన్నాయి. స్పర్శ అన్నచోట ఖాళీ. రెండువేల పైచిలుకు మంది పరాయివాళ్ల చేతులకు తన కూతురి మొదటి పట్టు తెలుసు. అది పోయినట్టు లెక్క. కూతురికి తండ్రి మొదటి భయం తెలిసింది. అది వచ్చినట్టు. పలకలో ఇంకా ఒక చేతికి సరిపడా ఉంది. దాన్ని సుబ్బరత్నం బట్టలో చుట్టి, విత్తనాల డబ్బా పక్కన పెట్టింది. ఎవరికని ఎవరూ అనుకోలేదు.

ఇక ఆ ఆదివారం గుడ్డ కింద కుదిరిన బేరం. దాని వేడి ఎంతో ఎవరూ కొలవలేదు. అడిగితే పాండురంగం చెప్పడు. ఆ బస్తా గుమ్మంలోకి రాదు.